వెనుక వరుసలో నిలిచినవారు

ప్రతి ఏటా తొలి వానలకు మైదానం కొంత మెత్తబడగానే మన కళాశాల ఫుట్‌బాల్ జట్టు ఎంపిక జరుగుతుంది. నోటీసు బోర్డు మీద కాగితం అంటించిన మొదటి గంటలోనే పేర్లు నిండిపోతాయి. ప్రతి పేరు ప్రక్కన, ఏ స్థానంలో ఆడగలడో వ్రాయవలసిన గడి ఒకటి ఉంటుంది. గడచిన ఎంపికనాడు ఆ కాగితాన్ని చూడడం మాకు తటస్థించింది. అందులో అత్యధికుల పేర్ల ప్రక్కన ‘ఫార్వర్డ్’ అని ఉన్నది. కొందరు ‘హాఫ్’ అన్నారు. ‘బ్యాక్’ అని వ్రాసుకున్నవారు ఇద్దరే. వారిలో ఒకరు కూడా ఆ మాటను కొట్టివేసి, దాని మీద ‘ఫార్వర్డ్’ అని దిద్దుకున్నారు.

ఈ వ్యాసం వ్రాస్తున్న మేము నలుగురం ఒకప్పుడు ఇదే కళాశాల జట్టులో వెనుక వరుసన నిలిచినవాళ్ళం. మాలో ఒకరు నేడు బొగ్గుబాయిలో ఉద్యోగి, ఒకరు ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయుడు, ఒకరు మందుల దుకాణం నడుపుకుంటున్నారు, మరొకరు విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు పనిలో ఉన్నారు. మేము ఆడిన మూడు సంవత్సరాలలో నలుగురమూ కలిసి సాధించిన గోల్ ఒక్కటే. అది కూడా మా గోలులోనికే వెళ్ళినది. కనుక ఫార్వర్డుల మీద అసూయతో వ్రాస్తున్నామని ఎవరైనా అనుకుంటే, ఆ అనుమానంలో కొంత నిజం ఉన్నదని ముందుగానే ఒప్పుకొంటున్నాము.

అయితే మేము చెప్పదలచిన విషయం మా గురించి కాదు. హైదరాబాదులో 1944లో పుట్టి, రక్షణ శ్రేణిలో ఆడి, భారత జట్టుకు సారథియై, ఆ తరువాత దేశంలోని పెద్ద క్లబ్బులకు శిక్షకుడైన సయ్యద్ నయీముద్దీన్ సాహెబ్ జీవితం మన కళాశాల వారు, ముఖ్యంగా కమిటీ పెద్దలు, ఒకసారి నిదానంగా ఆలోచించవలసినది అని మా అభిప్రాయం. ఆయన పేరు తెలియని విద్యార్థులు మన తరగతులలో ఎంతోమంది ఉన్నారు. యూరపు క్లబ్బుల ఆటగాళ్ళ పేర్లు, వారి బూట్ల రంగులు కూడా వారికి కంఠతా వచ్చును. దానికి వారిని తప్పు పట్టము. చెప్పవలసిన మేము చెప్పలేదు.

ముందుగా మన ఊరి మాట ఒకటి. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవారికి వెనుక వరుస అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మన తండ్రులలో, తాతలలో చాలామంది బాయి దిగినవారే. భూగర్భ గనులలో కోల్ ఫిల్లరు ఎన్ని టబ్బులు నింపినాడో లెక్క ఉండేది. ఆ లెక్కను బట్టి అతని సంపాదన ఉండేది. మంచి ఫిల్లరు పేరు కాలనీ అంతా తెలిసేది. అదే చోట టింబర్‌మన్ అనే మనిషి ఒకడు ఉండేవాడు. పైకప్పు ఎక్కడ బీట వారినదో చూసి, కర్రతో తట్టి, ఆ చప్పుడు విని, గట్టిదో డొల్లదో గ్రహించి, దిమ్మె నిలపవలసిన చోట దిమ్మె నిలిపేవాడు. ఆ మనిషి పనికి టబ్బుల లెక్క లేదు. కూలిన కప్పును గురించి ఊరంతా చెప్పుకుంటుంది. కూలకుండా నిలిచిన కప్పును గురించి ఎవరు చెప్పుకుంటారు? మాలో ఒకరి తండ్రి ఇరవై ఏళ్ళు ఆ పని చేసినారు. కొడుకు స్టాపర్‌గా ఆడుతున్నాడని తెలిసినప్పుడు ఆయన అన్న మాట ఇది: “అయితే నువ్వూ నా పనే చేస్తున్నావన్నమాట.”

బ్యాక్ ఆటగాడికి మైదానం అంతా ఎదురుగా కనబడుతుంది. ఫార్వర్డుకు కనబడేది గోలు, దానిని కాచుకున్న ఇద్దరు ముగ్గురు మనుషులు. తన జట్టు పదిమంది ఎక్కడ నిలిచినారో, ఎవరు అలసినారో, ఏ ప్రక్క ఖాళీ పడినదో వెనుక నిలిచినవాడే చూస్తాడు, చూసి కేక వేసి చెప్పుతాడు. ఆట నేర్పవలసినవానికి కావలసిన మొదటి విద్య అదే కదా! జర్మనీకి చెందిన బెకెన్‌బవర్‌ను చూడండి. వెనుక వరుస నుండి ఆటను నడిపినవాడు. 1974లో సారథిగా ప్రపంచ కప్పు అందుకొన్నాడు, 1990లో శిక్షకుడిగా మళ్ళీ తన దేశానికి ఆ కప్పు తెచ్చినాడు. ఆ 1990వ సంవత్సరాన్ని పాఠకులు గుర్తుంచుకోవలెను. మళ్ళీ దాని దగ్గరకు వస్తాము.

నయీముద్దీన్ సాహెబ్ ఆటను అర్థం చేసుకోవలెనంటే ఆయన పెరిగిన హైదరాబాదును, ఆ హైదరాబాదును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్‌ను తెలుసుకొనక తప్పదు. రహీమ్ సాహెబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివి, నగరంలోని పాఠశాలలలో పాఠాలు చెప్పినవారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, భారత జట్టుకు కూడా శిక్షకుడు. ఆయన చేతి క్రింద సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. బొంబాయి వెళ్ళి అయిదేళ్ళు వరుసగా ఆ కప్పు ఇంటికి తెచ్చుకోవడం ఎంతటి పనో ఆట తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

మా అభిప్రాయంలో రహీమ్ సాహెబ్ గొప్పతనం కప్పుల లెక్కలో కంటే ఒక ఓటమి తరువాత ఆయన చేసిన పనిలో ఎక్కువగా కనబడుతుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1 తేడాతో ఓడిపోయినది. మనవారు చాలామంది బూట్లు లేకుండా ఆడినారు. ఆ కాలపు పాత పద్ధతిలో ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫులు, అయిదుగురు ఫార్వర్డులు ఉండేవారు. మన నోటీసు బోర్డు మీది కాగితం వంటిదే ఆ అమరిక కూడా! అంతటి ఓటమి తరువాత ఇంకా మంచి ఫార్వర్డులు కావలెనని మరొకరైతే అని ఉండేవారు. రహీమ్ సాహెబ్ వెనుక మూడవ బ్యాకును నిలిపే పద్ధతిని తెచ్చినారు. నాలుగేళ్ళ తరువాత, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానంలో నిలిచినది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ మొదలైన హైదరాబాదు, సికింద్రాబాదు వారు ఎందరో ఉన్నారు.

ఆయన నేర్పిన తీరు కూడా బడిపంతులు తీరే. హైదరాబాదులో బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలు పెట్టినారు. డ్రిబ్లింగ్ చేయరాదని, బంతి అందిన వెంటనే మరొకరికి ఇవ్వవలెనని నియమం పెట్టి పోటీలు నడిపినారు. ఈ పోటీలకు అయ్యే ఖర్చు ఎంత? మామూలు పోటీకి అయ్యేదే. మామూలు పోటీలో కుర్రవాడు తనకు వచ్చినదే పదిసార్లు చేసి చూపుతాడు. ఈ పోటీలో తనకు రానిదానితో పెనుగులాడవలసి వస్తుంది. ఇది మా ఉపాధ్యాయ మిత్రునికి ఎంతో నచ్చిన విషయం. ఎడమ చేతితో వ్రాయించి పరీక్ష పెడితే తరగతిలో ఎవరు మొదట వస్తారో చూడవలెనని ఆయనకు చాలాకాలంగా కోరిక.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారత్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచినది. అంతకు ముందే తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాహెబ్ ఆనాడు ముందు వరుసలో నిలిపినారు. జర్నైల్ ప్రసిద్ధి పొందిన డిఫెండరు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి ఆయనదే, మరొకటి పి.కె. బెనర్జీది. బ్యాకును ఫార్వర్డు చేయవచ్చును, ఫార్వర్డును బ్యాకు చేయడం కష్టం అని మేము అంటే మా జట్టులోని పాత ఫార్వర్డు మిత్రులు ఇప్పటికీ ఒప్పుకొనరు. మరుసటి సంవత్సరం జూన్‌లో రహీమ్ సాహెబ్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించినారు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత గాని మన విద్యార్థులలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు. చలనచిత్రం ద్వారానైనా తెలిసినందుకు సంతోషమే.

ఇటువంటి హైదరాబాదులో, రహీమ్ సాహెబ్ తీర్చిన సిటీ పోలీసు జట్టులో, నయీముద్దీన్ ఎదిగినారు. 1966లో ఆయన, హబీబ్ ఇద్దరూ కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరినారు. ఆ తరువాత నయీముద్దీన్ మోహన్ బగాన్‌కు ఆడినారు, మొహమ్మడన్ స్పోర్టింగ్‌కు ఆడినారు. కలకత్తాలో ఈ మూడు క్లబ్బుల నడుమ ఉండే పంతం తెలిసినవారికి ఇది ఎంత కష్టమో అర్థమవుతుంది. నిన్న తిట్టినవారే నేడు భుజాన ఎత్తుకొనవలెను, రేపు మళ్ళీ తిట్టవలెను. భాష వేరు, తిండి వేరు, వాన వేరు. ఇంటికి దూరాన, పరాయి ఊరి గ్యాలరీల ముందు, తప్పు చేస్తే అందరికీ కనబడే స్థానంలో ఆయన సంవత్సరాల తరబడి నిలిచినారు.

1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు వెళ్ళిన భారత జట్టుకు నయీముద్దీన్ సారథి. ఆ జట్టులో హబీబ్ ఉన్నారు, సుధీర్ కర్మకార్ ఉన్నారు, సుభాష్ భౌమిక్, శ్యామ్ థాపా, మగన్ సింగ్ ఉన్నారు. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడినారు. కాంస్య పతకానికి జపాన్‌తో ఆడవలసి వచ్చినది. ఆ జపాన్ ఎవరనుకొన్నారు? రెండేళ్ళకు ముందు, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ కాంస్యం గెలిచిన దేశం. భారత్ 1-0 తేడాతో గెలిచినది. ఒక్క గోల్ కొట్టి ఆ ఒక్క గోల్‌ను చివరి ఈల వరకు కాపాడుకున్న ఆట అది. 1-0 అనే అంకెలలో ఒకటి ఫార్వర్డుది. సున్న వెనుక వరుసది. ఆ సున్నను ఎవరూ లెక్కించరని మేము నలుగురం ఏనాటి నుండో మొరపెట్టుకుంటూనే ఉన్నాము. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల పతకం భారత్‌కు ఆ తరువాత ఇంతవరకు రాలేదు. అర్ధశతాబ్దం దాటిపోయినది. ఆ సంవత్సరపు అర్జున పురస్కారం నయీముద్దీన్‌కు లభించినది.

ఇక్కడితో ఆగినా అది గొప్ప జీవితమే. పతకం గోడకు తగిలించుకుని, ఉద్యోగం చేసుకుని, సభలలో దండలు వేయించుకుంటూ కాలం గడపవచ్చును. మన దేశంలో ఎంతోమంది క్రీడాకారుల కథ అక్కడే ముగుస్తుంది. నయీముద్దీన్ మళ్ళీ మైదానంలోనికి వచ్చినారు, ఈసారి ఈల మెడలో వేసుకుని.

ఒక చిన్న మాట చెప్పి ముందుకు పోతాము. ఇంగ్లండు వంటి దేశాలలో క్లబ్బు మేనేజరు అంటే జట్టును ఎంచి, నేర్పి, ఆడించి, గెలుపోటములకు బాధ్యత వహించేవాడు. మన దేశంలో మేనేజరు అంటే రైలు టికెట్లు, బస, భోజనం చూసే పెద్దమనిషి. నేర్పేవానిని కోచ్ అంటాము. పోటీలకు పోయినప్పుడు మన కళాశాల జట్టు వెంట మేనేజరు ఎప్పుడూ ఉంటారు. కోచ్ సంగతి తరువాత మనవి చేస్తాము.

శిక్షకుడిగా నయీముద్దీన్ సాహెబ్ తాను ఆడిన మూడు కలకత్తా క్లబ్బులకూ పని చేసినారు. బొంబాయిలో మహీంద్రా జట్టుకు, ఢాకాలో బ్రదర్స్ యూనియన్‌కు కూడా నేర్పినారు. అన్నిటికంటె ఎక్కువగా చెప్పుకోవలసినది 1990. ఆ సంవత్సరం ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడింటినీ గెలుచుకున్నది. అదే సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారం ఆయనకు వచ్చినది. ఫుట్‌బాల్ శిక్షకులలో దానిని అందుకున్న మొదటివారు ఆయనే. రోమ్‌లో బెకెన్‌బవర్ ప్రపంచ కప్పు గెలిచిన ఏడాది, హైదరాబాదు బ్యాకు ఒకరు దేశంలో ఉత్తమ గురువుగా గుర్తింపు పొందినారన్నమాట. ఆటగాడిగా అర్జున 1970లో, గురువుగా ద్రోణాచార్య 1990లో. నడుమ ఇరవై సంవత్సరాలు. ఆ ఇరవై సంవత్సరాలను మన విద్యార్థులు జాగ్రత్తగా చూడవలెను. ఆడిన ఆటను నేర్పగలిగే విద్యగా మార్చుకోవడానికి అంత కాలం పట్టినది.

జాతీయ జట్టు శిక్షణ కూడా ఆయన చేతికి పలుమార్లు వచ్చినది. 1997లో ఖాట్మండులో జరిగిన దక్షిణాసియా పోటీలలో భారత్ ఫైనల్లో మాల్దీవులను 5-1 తేడాతో ఓడించి గెలిచినది. 2005 డిసెంబరులో కరాచీలో అదే పోటీ ఫైనల్లో బంగ్లాదేశ్‌ను 2-0 తేడాతో ఓడించినది. మూడు నెలలు గడవకముందే పరిస్థితి తలక్రిందులైనది. 2006లో ఆసియా కప్పు అర్హత పోటీలలో జపాన్ చేతిలో 6-0, తరువాత ఢిల్లీలో యెమెన్ చేతిలో 3-0 ఓటములు వచ్చినవి. నయీముద్దీన్ స్థానంలో ఇంగ్లండుకు చెందిన బాబ్ హౌటన్‌ను నియమించినారు. 1970లో మనం ఓడించిన జపానే 2006లో ఆరు గోల్స్ కొట్టినది. ఆ ముప్పది ఆరేళ్ళలో జపాన్ ఏమి చేసినదో, మనం ఏమి చేయలేదో ఆ రెండు అంకెలే చెప్పుతున్నవి. దానిని ఒక్క శిక్షకుని మెడకు చుట్టడం మాకు న్యాయంగా తోచదు. పునాది లేని ఇంటికి మేస్త్రీని మార్చి ప్రయోజనమేమి?

నయీముద్దీన్ సాహెబ్ కఠినమైన క్రమశిక్షణకు పేరుపడినవారు. ఈ విషయంలో మా నలుగురిలోనే ఏకాభిప్రాయం లేదు. గురువు కఠినంగా ఉండవలసినదే అని మాలో ఇద్దరి అభిప్రాయం. భయపెట్టి నేర్పిన ఆట భయం పోగానే పోతుందని, నేటి కుర్రవాడికి ఎందుకో చెప్పనిదే ఏదీ నచ్చదని మందుల దుకాణం మిత్రుని వాదన. నాలుగవవారు ఎటూ చెప్పక టీ తెప్పించినారు. ఈ తర్కం తేలలేదు, తేలనక్కరలేదు కూడా. కఠినుడో, మృదువో, ముందు గురువు అనే మనిషి ఒకడు మైదానంలో ఉండవలెను కదా.

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. హైదరాబాదు ఇంతమంది ఆటగాళ్ళను కన్నది. వారు కలకత్తా వెళ్ళినారు, బొంబాయి వెళ్ళినారు. ఆటలో ఆరితేరిన తరువాత నేర్పవలసిన వయస్సు వచ్చినప్పుడు, వారిని పిలిచి నిలుపుకోగల పెద్ద క్లబ్బు హైదరాబాదులో లేదు. కలకత్తా క్లబ్బులకు సభ్యులున్నారు, గ్యాలరీలున్నాయి, నూరేళ్ళ పంతాలున్నాయి. మన వైపు ఆట ఎక్కువగా పోలీసు, రైల్వే, కార్యాలయాల జట్ల మీద నిలిచినది. ఆటగాడికి ఉద్యోగం ఇచ్చినందుకు ఆ శాఖలకు మనం ఎంతైనా ఋణపడి ఉన్నాము. కాని శాఖలో నియామకాలు తగ్గిన నాడు జట్టు కూడా తగ్గిపోతుంది. 2019లో హైదరాబాదు పేరుతో ఒక వృత్తి క్లబ్బు వచ్చి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పును కూడా గెలిచినది. మేము టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టినాము. దాని శిక్షకుడు స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్. పరదేశి గురువు రావడంలో తప్పు లేదు, నేర్చుకోవలసినదే. కాని రహీమ్ సాహెబ్ ఊరిలో ఆయన శిష్యపరంపర తెగిపోయిన తరువాత వచ్చిన గెలుపు అది అనే సంగతి మనస్సులో ముల్లులా గుచ్చుకున్నది.

మన గనుల ప్రాంతంలో కూడా అదే కథ చిన్న కొలతలో జరుగుతున్నది. సింగరేణిలో కార్మికుల క్రీడలకు సంస్థ ఆధ్వర్యంలోనే ఏర్పాట్లున్నాయి. ఏరియాల నడుమ పోటీలు జరుగుతాయి. మేము చిన్నప్పుడు ఫుట్‌బాల్ నేర్చుకున్నది షిఫ్టు దిగి వచ్చిన కార్మికులను చూసే. మొదటి షిఫ్టు ముగించి, స్నానం చేసి, సాయంత్రానికి మైదానం చేరే పెద్దలు ఉండేవారు. బంతి గీత దాటితే తెచ్చి ఇచ్చినందుకు మాకు వారు నేర్పిన పాఠాలే మా ఆస్తి. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైబడి కార్మికులు ఉండేవారు. నేడు ఆ సంఖ్య 40,000 చేరువలో ఉన్నది. భూగర్భ గనులు తగ్గి, ఓపెన్‌కాస్టులు పెరిగి, యంత్రాలు వచ్చినవి. రామగుండంలో ఎరువుల కర్మాగారం 1999లో మూతపడినది. 2021లో మరొక పేరుతో మళ్ళీ ఉత్పత్తి మొదలైనా పాతకాలపు కాలనీ జీవితం తిరిగి రాలేదు. ఇది మంచిదా చెడ్డదా అని తర్కించడం ఈ వ్యాసం పని కాదు. మేము చెప్పేదొకటే: షిఫ్టు దిగి వచ్చి పిల్లలకు ఆట నేర్పే పెద్దల సంఖ్య తగ్గిపోయినది. ఆ పని ఇక ఎవరు చేయవలెను? కళాశాల చేయవలెను. వేరే దిక్కు మాకు కనబడుట లేదు.

కమిటీ పెద్దలకు మా మనవి వినయంతోనే చేస్తున్నాము. ప్రతి సంవత్సరం పోటీలకు పది దినాల ముందు కొత్త జెర్సీలు వస్తాయి, కొత్త బంతి వస్తుంది. రంగుల విషయంలో చర్చ కూడా జరుగుతుంది. మేము ఆడిన కాలంలోనూ అంతే. మా చివరి సంవత్సరం మేము కొత్త జెర్సీలతో వెళ్ళి, మొదటి ఆటలోనే నాలుగు గోల్స్ తిని తిరిగి వచ్చినాము. ఎదుటి జట్టు జెర్సీలు వెలసిపోయి ఉన్నవి. వారి గీత ప్రక్కన మాత్రం తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకరు నిలబడి, ఆట సాగినంత సేపూ వారి బ్యాకులతో మాట్లాడుతూనే ఉన్నారు. ఎడమకు జరుగు, వెనుకకు రా, వాడిని వదలకు, అంతే. మా వైపు మా మేనేజరు గారు భోజనాల ఏర్పాటుకు వెళ్ళి ఉన్నారు. పాపం, ఆ భోజనం చాలా బాగున్నది.

జెర్సీల ఖర్చును ఒక ఏడాది ఆపి, ఆ సొమ్ముతో పోటీల కాలానికే కాక ఏడాది పొడుగునా వారానికి మూడు సాయంత్రాలు మైదానానికి వచ్చే శిక్షకుని ఒకరిని పెట్టవలెనని మా మొదటి కోరిక. ఈ ఊళ్ళోనే ఆడి, పదవీ విరమణ చేసి, పార్కులో కూర్చుని కాలం గడుపుతున్న పెద్దలున్నారు. పిలిస్తే వస్తారు. తగిన గౌరవంతో పిలవవలెను, రిక్షా ఖర్చులకని చేతిలో పెట్టి పంపివేయరాదు.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న ఆటగాళ్ళలో నేర్పే ఓపిక కనబడిన ఒకరిని ప్రతి ఏటా ఎంచి, ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ వారి ప్రాథమిక శిక్షక లైసెన్సు కోర్సుకు కళాశాల ఖర్చుతో పంపవలెను. అయిదేళ్ళలో అయిదుగురు అవుతారు. వారిలో ఇద్దరు ఉద్యోగాలకు దూరదేశం పోయినా ముగ్గురు మిగులుతారు. ఎంచేటప్పుడు వెనుక వరుస వైపు ఒకసారి చూడమని మా ప్రార్థన. మా పక్షపాతం ముందే ఒప్పుకున్నాము గనుక ఇక సంకోచం లేదు.

బలహీనమైన కాలితో ఆడే పోటీ ఒకటి వార్షికోత్సవ వారంలో పెట్టవచ్చును. దానికి కమిటీ తీర్మానం కూడా అక్కరలేదు, ఒక సాయంత్రం చాలును. విద్యార్థినుల విషయం కూడా ఇక్కడే చెప్పవలసి ఉన్నది. మన కళాశాలలో చదివే ఆడపిల్లలలో ఆట మీద మక్కువ ఉన్నవారు ఉన్నారని మా చెల్లెళ్ళ ద్వారా, కూతుళ్ళ ద్వారా మాకు తెలుసును. మైదానంలో వారికంటూ వేరుగా ఒక సమయం కేటాయించినట్లయితే, నేర్పడానికి మహిళా శిక్షకురాలు దొరికినట్లయితే, తల్లిదండ్రులను ఒప్పించే పని మేము మీద వేసుకొంటాము. ఆ పని మాకు అప్పగించి చూడండి.

విద్యార్థి మిత్రులతో ఒక మాట. ఆ నోటీసు కాగితం మీద ‘బ్యాక్’ అని వ్రాసి కొట్టివేసిన కుర్రవాడెవరో మాకు తెలుసును; పేరు చెప్పి ఇబ్బంది పెట్టము. ఈ డిసెంబరులో ఒకనాటి సాయంత్రం మేము మైదానం ప్రక్కగా పోతూ ఉంటే, జట్టంతా వెళ్ళిపోయిన తరువాత అతడు ఒక్కడు మిగిలి, కాలనీ పిల్లలు ఆరేడుగురిని వరుసగా నిలబెట్టి, బంతి తమ వెనుకకు పోకుండా ఎలా నిలవవలెనో చూపిస్తున్నాడు. చెప్పు ఒకటి గోలు స్తంభంగా ఇటు, పుస్తకాల సంచి ఒకటి అటు. ఒక పిల్లవాడు మాటిమాటికీ బంతి వెంట పరుగెత్తుతుంటే భుజం పట్టి వెనుకకు తెచ్చి నిలబెడుతున్నాడు. ఇంతలో కాపలావాడు గంట కొట్టి, ఆరు అయినదని చెప్పి, అందరినీ బయటకు పంపి గేటుకు తాళం వేసినాడు. అతని తప్పు ఏమీ లేదు, అది అతనికి ఇచ్చిన సమయం. ఆ తాళాన్ని ఏడు గంటలకు వేయించడానికి ఏమి కావలెనో, అర్జీ ఎవరి పేర వ్రాయవలెనో కమిటీ వారు సెలవిస్తే రేపే వ్రాసి పెడతాము. లైటు ఖర్చు మేము నలుగురం భరిస్తాము.